థర్మోకోల్ ఇంజిన్

ఇంజిన్ ఇంకా కొనలేదు.
దాని బొమ్మ మాత్రం తయారైంది.
మర్సాష్‌లోక్ రేవులో ఊరికే పారేసిన
చేపల పెట్టెలు కోసి, జిగురు పూసి, అతికించాను.
పొడవు అరవై రెండు, వెడల్పు యాభై ఎనిమిది,
సంప్‌తో కలిపి ఎత్తు అరవై ఆరు.
ఒక పక్కన ఇంకా లంపూకీ పొలుసులు మెరుస్తున్నాయి.
ఆలూ లేదు చూలూ లేదు,
అయినా చెన్సు అప్పుడే
సైలెన్సర్ ఏ రాగంలో మోగాలో చెబుతున్నాడు.

కారు స్టార్లెట్. నాకంటే రెండేళ్ళు పెద్దది.
ముప్పై ఏళ్ళు దీన్ని నడిపిన ఫాదర్ అంట్నెల్
మూడో గేరు పాపమని నమ్మినట్టున్నాడు.
పాత ఇంజిన్‌లో అరుగుదల లేదు,
ఆకలీ లేదు.
ఇప్పుడది మూలన, టైరు మీద కూర్చుంది
తువ్వాలు కప్పుకుని,
స్నానానికి నీళ్ళు కాగేదాకా ఆగిన ముసలాయనలా.

మాల్టా ఈ కొస నుంచి ఆ కొసకి
ఇరవై ఏడు కిలోమీటర్లు.
నాలుగో గేరు పడేలోపు సముద్రం ఎదురొస్తుంది.
"మరెక్కడికమ్మాయ్ ఈ తొందర?"
నా దగ్గర జవాబు లేదు.
టేపు ఉంది.

అందరూ గుండె మార్పిడి అంటారు.
చెన్సుకి ఆ మాట గిట్టదు.
గుండెని గొలుసుకి వేలాడదీసి
"కొంచెం ఎడమకి, ఎడమకి" అని అరిచినవాణ్ణి చూశావా అంటాడు.
ఇది బీరువా.
మా రీటా అత్త పెళ్ళిలో కొన్నది
మెట్ల మలుపులో ఇరుక్కుంటే
బాల్కనీ తలుపులు ఊడదీసి తాళ్ళతో లాగారు.
లాగినవాళ్ళు నలుగురు,
సలహాలిచ్చింది వీధంతా.

రెండు చేతుల్తో దించాను బొమ్మని.
ముందు రేడియేటర్‌కి నాలుగు వేళ్ళ చోటు.
వెనక డిస్ట్రిబ్యూటర్ గోడకి కొట్టుకుంది,
కింద సంప్ అడ్డకమ్మీ మీద కూర్చుని
దిగనంటే దిగనంది.
చెన్సు మార్కర్‌తో గీత గీశాడు, నేను కత్తి పెట్టాను,
తెల్లటి పూసలు నేలంతా దొర్లాయి.
థర్మోకోల్ చెప్పిన మాట వింటుంది.
అల్యూమినియం వినదు,
వినిపించడానికి గంటకింతని తీసుకుంటారు.

నోటుబుక్కులో ఇప్పటికి పదకొండు పేజీలు.
మౌంట్లు, కొత్తవి, వెల్డర్ ఊళ్ళో ఉన్నప్పుడు.
డ్రైవ్‌షాఫ్ట్ పొట్టి చెయ్యాలి, ఎంత?
వైరింగ్ (దేవుడా).
ఇంజిన్ నంబరు మారితే ఆఫీసులో ఏ కాగితం, ఏ కిటికీ?
వీటన్నిటికీ పైన, నేను రాయనిది,
చెన్సు చేతిరాతలో, మూడుసార్లు కింద గీత:
ముందు బ్రేకులు.
పరిగెత్తే సంగతి తర్వాత చూద్దాం.

మంగళవారం చిర్కెవ్వాలో నా టికెట్ కిటికీ ముందు
పసుపు స్టార్లెట్ ఒకటి ఆగింది, నీలం పొగలో.
దాన్ని ఓడలోకి నలుగురు తోశారు.
వెనక సీటునిండా ఉల్లి బస్తాలు,
స్టీరింగు దగ్గర గ్రెజ్జా, గోజో రైతు,
ఆయిల్ కంపు కొట్టే చేత్తో చిల్లర లెక్కపెడుతూ.
నేనే అడిగాను.
"ఫాదర్ అంట్నెల్ బండిదా? ఆ నెమ్మది బండిదా?"
రెండుసార్లు అడిగి,
మిరియాల జున్ను సీసా ఒకటి బయానాగా కిటికీలోంచి తోసింది.
కొత్తది ఇంకా ఏ దేశపు తుక్కులో ఉందో తెలీదు,
పాతదానికి మాత్రం సంబంధం కుదిరింది.
ఉల్లి తవ్వే ముందు పంపాలి.
పన్నెండో పేజీలో మొదటిసారి
తారీఖు పడింది.

రాత్రి చెన్సు షట్టరు సగం దించి వెళ్ళాడు.
చేప వాసన పట్టుకుని గరాజ్ పిల్లి
బొమ్మ ఇంజిన్ మీదికెక్కి
రెండో సిలిండర్ చోట గుంటలో చుట్టుకుని పడుకుంది.
గేర్‌బాక్స్ ఇంకా జాకీ మీదే ఆనుకుని ఉంది.
నేను సీట్లో కూర్చున్నాను,
లైటు వెయ్యకుండా.
క్లచ్ తొక్కి
మూడో గేరులోకి తోశాను.

పిల్లి ఒక కన్ను తెరిచింది.